నూకరత్నం గారి నియాన్ బోర్డు

మా సంస్థ పేరు రాష్ట్ర రహదారి వారసత్వ సంరక్షణ మండలి. పేరు వినగానే చాలామంది "అంటే ఏం చేస్తారండీ?" అని అడుగుతారు. అలా అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మిగతా ఆఫీసుల వాళ్ళని అడగరు, మమ్మల్నే ఎందుకు అడగాలి? మేం సంరక్షిస్తాం. దేన్ని అనేది ఎప్పటికప్పుడు తేలుతుంది. నేను అందులో సూపరింటెండెంటుని, పేరు కామేశం. ఒకసారి ఫైలు నా బల్ల మీదికి వచ్చాక ఏ వస్తువూ వారసత్వం కాకుండా తప్పించుకుపోయిన దాఖలా లేదు.

మండలి పుట్టిన కొత్తలో మైలురాళ్ళని సంరక్షించాం. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు అవి ఎక్కడివక్కడే ఉండాలని పట్టుబట్టాం కాబట్టి, ఇప్పుడు కొన్ని సరిగ్గా రోడ్డు మధ్యలో ఉన్నాయి. వాటిని గుద్దుకున్నవాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటారు గానీ, రాళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. మైలురాళ్ళు అయిపోయాక పనేమీ లేక బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం.

అలాంటి సమయంలో మా డైరెక్టర్ శేషావతారం గారు విదేశీ అధ్యయన యాత్ర ముగించుకుని వచ్చారు. అక్కడ రోడ్ల పక్కన పాతకాలపు హోటళ్ళుంటాయట. వాటి నెత్తిన నియాన్ బోర్డులు, అంటే గాజు గొట్టాల్ని అక్షరాల్లా బొమ్మల్లా వంచి రంగురంగుల వెలుగు నింపినవి, ఉంటాయట. అవి పాతబడితే జనం పాత సామానుకి వెయ్యకుండా వాటి ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటారట. సారు అలాంటి హోటళ్ళలో ఎత్తు పీటల మీద కూర్చుని, ఆపిల్ పండు కూరిన రొట్టెలు తిని, కడుపు పాడు చేసుకుని, మహా ఉత్సాహంతో తిరిగొచ్చారు. మర్నాడే సిబ్బందినంతా పోగేసి, తెర మీద బొమ్మలు చూపిస్తూ, "నియాన్ అనగా కేవలం దీపం కాదు. అది రహదారి యొక్క అంతరాత్మ" అన్నారు. రహదారికి అంతరాత్మ ఉన్న సంగతి మాకు అంతవరకూ తెలియదు. అందరం గబగబా రాసుకున్నాం.

ఇక రాష్ట్రమంతా గాలించాం. ఎక్కడ చూసినా ఫ్లెక్సీలు, కళ్ళు పొడిచే ఎల్‌ఈడీ బోర్డులు. ఆఖరికి తుని దాటి విశాఖపట్నం వైపు వెళ్తుంటే హైవే పక్కన ఒకే ఒక్క నియాన్ బోర్డు దొరికింది. కల్వర్టు దాటగానే నూకరత్నం గారని ఒకావిడ నడిపే భోజన హోటల్ మీద ఉంది.

పైన ఎర్రటి అక్షరాల్లో 'మహాలక్ష్మీ భోజన హోటల్'. కింద ఆకుపచ్చ గొట్టాలతో అరిటాకు. ఆకు ముందు పసుపు గొట్టాలతో ఒక బొద్దు మనిషి. అతని చెయ్యి ముందు ఆకులో, తర్వాత గుండె దగ్గర, ఆ తర్వాత నోటి దగ్గర వరసగా వెలిగేది. దూరం నుంచి చూస్తే ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటున్నట్టే ఉండేదట. నోటి దగ్గరి గొట్టం ఎప్పుడో పోయింది. ఇప్పుడు పాపం ఆ మనిషి ముద్ద కలుపుతాడు, గుండెదాకా ఎత్తుతాడు, మళ్ళీ ఆకులో పెట్టేస్తాడు.

ఆ బోర్డుకి ఒక పద్ధతి ఉంది. నూకరత్నం గారి మామగారు పెట్టిన పద్ధతి. అన్నం వార్చి దింపాక స్విచ్చి వేస్తారు. గరిటె గిన్నె అడుక్కి తగలగానే తీసేస్తారు. పగలైనా కనపడాలని బోర్డు మీద రేకు గొడుగు కూడా దింపించారు. ఆ దారిన పోయే లారీ డ్రైవర్లందరికీ ఈ సంగతి తెలుసు. దీపం వెలుగుతూ ఉంటే కల్వర్టు మీదే హారన్ కొడతారు. వాళ్ళు దిగి చేతులు కడుక్కుని వచ్చేసరికి ఆకులో వేడన్నం సిద్ధం. దీపం లేకపోతే ఎవర్నీ తిట్టుకోకుండా తిన్నగా ముందుకి పోతారు. ఆ హోటల్లో మెనూ లేదు, అడగడాలు లేవు, చెప్పడాలు లేవు. దీపం ఉంటే అన్నం ఉంటుంది, అంతే.

తనిఖీకి డైరెక్టరు గారు, నేను వెళ్ళాం. సారు కారు దిగి బోర్డు వంక చూసి కళ్ళు తుడుచుకున్నారు. నేను లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ నా ఆకులో పనసపొట్టు కూర వేసి, పప్పు వేసి, చేపల పులుసు పోసింది. అయ్యా, ఆ పులుసు గురించి ప్రభుత్వ భాషలో చెప్పడం నా వల్ల కాదు. నేను రెండోసారి అన్నం పెట్టించుకుంటూ ఉండగా సారు వచ్చి, మీ బోర్డుని ప్రభుత్వం సంరక్షించబోతోంది అని ఆవిడకి శుభవార్త చెప్పారు. ఆవిడ ముఖం చేటంత అయింది.

"ఎంత మంచి మాట చెప్పారండి. అలాగైతే ఆ చెయ్యి నోటిదాకా వెళ్ళేటట్టు చేయించండి బాబూ. రోజూ చూడలేకపోతున్నాను" అంది.

సారు ఉలిక్కిపడ్డారు. "అమ్మా, అది లోపం కాదు. అది చారిత్రక విరామం" అన్నారు.

చారిత్రక విరామం అంటే ఏదో పెద్ద మరమ్మతే అనుకుని ఆవిడ సంతోషంగా సంతకం పెట్టింది. ఆ సాయంత్రమే బోర్డుని యథాతథ స్థితిలో రక్షిత వస్తువుగా ప్రకటించాం. యథాతథం అంటే యథాతథమే. అక్షరాల మధ్య ఒక సాలెగూడు ఉంది. అది కట్టడంలో భాగమా, లేక సాలెపురుగు ఆక్రమణదారా అన్న ప్రశ్న వచ్చింది. ఆక్రమణల క్రమబద్ధీకరణ కింద సాలెపురుగుకి పట్టా ఇచ్చాం. నవ్వకండి, అంతకన్నా పెద్ద ఆక్రమణల్ని క్రమబద్ధం చేసిన దేశం మనది.

తర్వాత నిపుణుల సంఘం వేశాం. ఒకాయన దీపాల శాస్త్రంలో పండితుడు. రెండో ఆయన ప్రాచీన శాసనాలు చదువుతాడు. మూడో ఆయన రిటైరయ్యాడు, కుర్చీ ఖాళీగా ఉంది కాబట్టి వేశాం. ముగ్గురూ బోర్డు ముందు కుర్చీలేసుకుని, పూటకో ఆకు భోంచేస్తూ, వారం తిరక్కుండా నివేదిక ఇచ్చారు. అందులో రెండు సిఫార్సులున్నాయి. మొదటిది, మాటిమాటికీ వెలిగించి ఆర్పడం వల్ల పాత గొట్టాలు అలిసిపోతాయి, కాబట్టి బోర్డుని శాశ్వత జ్వలన స్థితిలో ఉంచాలి. రెండోది, గొట్టాల మీద ఏళ్ళ తరబడి తాలింపు పొగ పేరుకుని చారిత్రకమైన పొర ఏర్పడింది, కొత్త పొగ వచ్చి పాత పొగని కప్పేయకుండా వంటని తక్షణం ఆపాలి.

రెండు సిఫార్సుల్నీ నేను విడివిడిగా పరిశీలించాను. దేనికది సలక్షణంగా ఉంది. రెండూ కలిపి చదవాలని నియమావళిలో ఎక్కడా లేదు.

మేం మధ్యాహ్నం పూట వెళ్ళి స్విచ్చికి పెట్టె బిగించి లక్కముద్ర వేశాం. పొయ్యికి గుడ్డ కట్టి దానికీ ఒక లక్కముద్ర వేశాం. ముద్రలు పగలగొట్టే అధికారం నిపుణుల సంఘానికి మాత్రమే ఉంది. ఆ సంఘం గడువు నివేదిక ఇచ్చిన సాయంత్రమే తీరిపోయింది. మళ్ళీ వెయ్యాలంటే వచ్చే బడ్జెట్టు దాకా ఆగాలి. ఇంత పకడ్బందీగా మా మండలి ఏ పనీ చెయ్యలేదని సారు నా భుజం తట్టారు.

నూకరత్నం గారు కడిగిన బియ్యం చేట్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పొయ్యి ఆపారు సరే, దీపం ఎందుకు వెలిగించి పెట్టారు అని అడిగింది. దీపం ఉందంటే అన్నం ఉందనే కదండీ అర్థం, వాళ్ళకి నేనేం చెప్పుకోను అంది. దీపానికి, అన్నానికి ఉన్న ఆ సంబంధం అనధికారికమైందని, దాన్ని మండలి గుర్తించలేదని సారు ఆవిడకి ఓపిగ్గా వివరించారు.

మేమింకా కారు ఎక్కలేదు. కల్వర్టు మీద హారన్ మోగింది. శ్రీకాకుళం వైపు జీడిపిక్కల లోడుతో వెళ్తున్న బంగార్నాయుడు అనే డ్రైవరు లారీ ఆపి, చేతులు కడుక్కుని, బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఆకు రాలేదు. ఆవిడ వచ్చి, అన్నం లేదు తమ్ముడూ అంది. అతను బయటికి వెళ్ళి బోర్డు చూసి మళ్ళీ లోపలికి వచ్చాడు.

"ఎలుగుతున్నాది గదక్కా. లేదంటావేటి? నా మీద ఏటైనా కోపమా?" అన్నాడు.

అతను, మొన్న పులుసులో పులుపు ఎక్కువైందన్నందుకే అక్కకి కోపం వచ్చిందని తనలో తాను గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. వెనకాల ఇంకో లారీ. దాని వెనక ఇంకోటి. మా కారు కదిలే వీలు లేకపోయింది. ఆవిడ కల్వర్టు దగ్గరికి పరిగెత్తి, రావద్దు రావద్దని రెండు చేతులూ ఊపింది. ఎప్పుడూ హోటల్ గుమ్మం దాటని మనిషి రోడ్డు మీదికొచ్చి చేతులూపుతుంటే, ఇవాళ ఏదో ప్రత్యేకం వండినట్టుందని ఆగకుండా పోయేవాళ్ళు కూడా ఆగారు.

ఈ గందరగోళం గురించి మండలి వెంటనే స్పందించింది. బోర్డు కింద ఒక రాతిపలక పెట్టించాం. 'గమనిక. ఈ జ్వలనము ఆహార లభ్యతకు సూచిక కానేరదు. ఉభయములకు సంబంధమును ఆరోపించుట శిక్షార్హము.' వాక్యం నాదే. అంత బాగా కుదిరిన వాక్యం నా సర్వీసులో ఇంకోటి లేదు. అయితే డ్రైవర్లు అది చదవడానికి కూడా లారీలు ఆపడం మొదలుపెట్టారు. చదివినవాళ్ళు చదవనివాళ్ళకి అర్థం చెప్పేవారు, అర్థం విన్నవాళ్ళు, అన్నం లేకపోతే దీపం ఎందుకంటూ మళ్ళీ లోపలికి వచ్చి ఆవిడనే అడిగేవారు. ఆ పూట నుంచి రోడ్డు తుని దాకా బిగుసుకుపోయింది.

డైరెక్టరు గారు వెనక్కి తగ్గే మనిషి కాదు. ఖాళీ హోటల్ మీద దీపం వెలగడం చూడ్డానికి బోసిగా ఉంది కాబట్టి జనం నిరాశ పడుతున్నారని ఆయన తేల్చారు. అందుకని లోపల అనుభూతి కేంద్రం పెట్టాం. ఏటికొప్పాక నుంచి కళాకారుల్ని పిలిపించి, అన్నం, పప్పు, అప్పడం, వేయించిన చేప ముక్కలు, అన్నీ కర్రతో చేయించి లక్క రంగులు వేయించాం. కళాకారులు ప్రాణం పెట్టి చేశారు. అప్పడం మీద బుడిపెలు చూస్తే విరుచుకు తినబుద్ధయ్యేది. తినేవాళ్ళు కూడా ఉండాలి కదా అని భోజన ప్రదర్శకులనే పోస్టులు సృష్టించి, డిగ్రీ చదివినవాళ్ళని అవుట్‌సోర్సింగులో తీసుకున్నాం. వాళ్ళ పని కర్ర ముద్ద గుండెదాకా ఎత్తి మళ్ళీ ఆకులో పెట్టడం. ఒకతను ఉత్సాహం ఆపుకోలేక నోటిదాకా ఎత్తాడని మెమో ఇచ్చాం. పొద్దస్తమానం తింటున్నట్టు నటించే సరికి వాళ్ళకి విపరీతంగా ఆకలేసేది. మధ్యాహ్నం క్యారియర్లు పట్టుకుని, రక్షిత పరిధి బయటికి పోయి, కల్వర్టు గోడ మీద వరసగా కూర్చుని తినేవారు.

ఒకరోజు బంగార్నాయుడు మళ్ళీ వచ్చాడు. లోపల జనం భోంచేస్తూ కనపడ్డారు. అక్క కోపం తీరిందనుకుని సంబరపడిపోయి, ఒక ఖాళీ ఆకు ముందు కూర్చుని, చేప ముక్క తీసి గట్టిగా కొరికాడు. దవడ పట్టుకున్నాడు. మర్యాదస్తుడు కాబట్టి గొంతు తగ్గించి, "అక్కా, ముక్క ఉడకనేదు" అన్నాడు.

ఆ మాట ఆ హోటల్లో అంతకు ముందు ఎవరూ అన్నది లేదు. నూకరత్నం గారు పెరట్లోకి వెళ్ళి, బోర్లించిన డేగిసా మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా మామగారు పోయేటప్పుడు పొలం గురించి చెప్పలేదు, ఇంటి గురించి చెప్పలేదు, దీపం ఉండగా మనిషిని ఆకలితో పంపకమ్మా అని మాత్రం చెప్పి పోయారండి, ఇప్పుడు రోజూ ఎంతమందిని పంపేస్తున్నానో అంది నాతో. నాకూ ఏడుపొచ్చింది. కొంత ఆవిడ కోసం, కొంత ఆ చేపల పులుసు కోసం. ఏది ఎంతని నన్ను అడక్కండి.

అయినా నేను ప్రభుత్వోద్యోగిని. కళ్ళు తుడుచుకుని, అనుభూతి కేంద్రం ప్రారంభోత్సవం ఏర్పాట్లలో పడ్డాను. మా శాఖ మంత్రిగారు వస్తున్నారు. పొద్దున్న రావలసిన మంత్రిగారు దారిలో అన్ని ఊళ్ళలోనూ దండలు వేయించుకుంటూ వచ్చేసరికి భోజనాల వేళ కూడా దాటిపోయింది. కల్వర్టు అవతల మామూలుగానే లారీలు బారులు తీరి ఉన్నాయి. మంత్రిగారి కారు వాటి మధ్య ఇరుక్కుపోయింది. సైరన్ మోగించినా లాభం లేకపోయింది, ఆకలితో ఉన్న డ్రైవరుకి సైరన్ వినపడదు. మంత్రిగారు అద్దం దింపి చూస్తే దూరంగా ఎర్రగా వెలుగుతూ భోజన హోటల్ కనపడింది. ఆయన కారు దిగి, డ్రైవర్ల మధ్య నుంచి, వాళ్ళలాగే గబగబా నడుచుకుంటూ వచ్చారు.

రిబ్బను పట్టుకుని నిలబడ్డ మా డైరెక్టరు గారిని పక్కకి తోసి లోపలికి వెళ్ళి, ఆకు ముందు కూర్చున్నారు. పప్పు మీద వేలు పెట్టారు. వేలు దిగలేదు. అప్పడం విరవబోయారు. అప్పడం విరగలేదు. ఆయనకి షుగరుంది, వేళకి తినకపోతే చేతులు వణుకుతాయి. ఆ వణికే చేత్తో కర్ర అప్పడం పట్టుకుని, "అన్నం ఏదమ్మా?" అని అడిగారు. గుమ్మంలో డ్రైవర్లు గుంపుగా నిలబడ్డారు. వాళ్ళు ఇన్నాళ్ళూ అడుగుతున్నది కూడా అదే.

సారు ముందుకొచ్చి శాశ్వత జ్వలన స్థితి గురించి, పొగ పొర గురించి మొదలుపెట్టారు. నూకరత్నం గారు ఆయన మాటకి అడ్డొచ్చింది. ఆవిడ అంత గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

"మీ ముద్రలు మీవి, కాదన్ను బాబూ. ఆ దీపం మాత్రం మా మామగారి మాటండి. ఎలిగిందంటే అన్నం ఉన్నట్టే. దాన్ని అబద్ధాలకోరుని చేసేశారు. ఆర్పితే ఆర్పండి, లేదంటే నన్ను పొయ్యి ఎలిగించుకోనివ్వండి. రెండిట్లో ఏదైనా సరే. దణ్ణం పెడతాను."

మంత్రిగారు దీపం ఆర్పెయ్యమన్నారు. దానికి నిపుణుల సంఘం కావాలని, ఆ సంఘం లేదని సారు మనవి చేశారు. అయితే పొయ్యి వెలిగించమన్నారు. దానికీ అదే సంఘం కావాలని సారు మనవి చేశారు. మంత్రిగారు లేచి, "నేను చేతులు కడుక్కొచ్చేలోగా ఏదో ఒకటి తేల్చండి. తేల్చకపోతే మిమ్మల్ని తేలుస్తాను" అని పెరట్లోకి వెళ్ళారు.

మా శేషావతారం గారు జీవితంలో ఫైలు లేకుండా నిర్ణయం తీసుకుని ఎరగరు. ఆయన ముఖాన చెమటలు పట్టాయి. పెరట్లో చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినపడుతోంది. ఒక్కసారిగా సారు కళ్ళు మెరిశాయి. కామేశంగారూ రాసుకోండి అన్నారు. నేను గుమ్మంలో నిలబడ్డ బంగార్నాయుడి వీపు మీద కాగితం పెట్టి రాసుకున్నాను. పొగ పొర వారసత్వమని నిపుణులే చెప్పారు. వంట ఆపడం వల్ల ఆ పొర పెరగడం ఆగిపోయింది. పెరుగుతున్న వారసత్వాన్ని పెరగకుండా ఆపడం యథాతథ స్థితికి భంగం. అంటే పొయ్యి మీద ముద్ర వేసిన క్షణం నుంచి మండలి తన ఉత్తర్వుని తానే ఉల్లంఘిస్తోంది. 'కావున పొగ నిరంతరాయముగా కొనసాగవలెను. సదరు బాధ్యత మండలిదే.'

నిరంతరాయం అంటే రాత్రీ పగలూనా సార్ అని అడిగాను. ఆ మాట వినడానికి బాగుంది, ఉంచండి అన్నారు. మంత్రిగారు తుడుచుకుంటూ వచ్చి సంతకం పెట్టేశారు.

ముద్ర పగలగొట్టిన చప్పుడుకి డ్రైవర్లు ఈలలు వేశారు. నూకరత్నం గారు కొంగు బిగించి, చేటల కొద్దీ బియ్యం కడిగి పోసింది. అన్నం ఉడికేలోపు చారు పెట్టింది, గంపెడు కోడిగుడ్లు పొరుటు చేసింది. మంత్రిగారు, బంగార్నాయుడు పక్కపక్కనే కూర్చుని తిన్నారు. భోజన ప్రదర్శకులు కర్ర ముద్దలు విసిరేసి, పంక్తిలో కూర్చుని, సర్వీసులో చేరాక మొదటిసారి చెయ్యి నోటిదాకా తీసుకెళ్ళారు. ఆ రద్దీలో రిబ్బను కత్తిరించడం అందరూ మర్చిపోయారు.

మర్నాడు పొద్దున్నే హోటల్ ముందు మేం పందిరి విప్పిస్తుంటే ఆవిడ ఉత్తర్వు కాగితం పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. రాత్రి ఎవరిచేతో చదివించుకుందట.

"నిరంతరాయంగా అని మీరే రాశారంట కదండీ. మీ దీపం ఆరదు కాబట్టి ఇక్కడ అన్నం అయిపోకూడదు. నావి రెండు చేతులే. బాధ్యత మీదని కూడా మీరే రాశారు. కాళ్ళు చేతులు కడుక్కుని లోపలికి రండి సారూ" అంది.

సారు ఉత్తర్వు వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు. తప్పించుకోవడానికి సందు లేదు. ఉంటే నాకు తెలియాలి, రాసింది నేనే.

ఆ విధంగా రాష్ట్ర రహదారి వారసత్వ సంరక్షణ మండలి కల్వర్టు పక్కకి తరలివచ్చింది. మూడు షిఫ్టులు వేశాం. జాయింట్ డైరెక్టరుకి చారు, అకౌంట్స్ ఆఫీసరుకి పప్పు, నాకు ఉల్లిపాయలు. భోజన ప్రదర్శకులు వడ్డనకి మారారు. నూకరత్నం గారు సాంకేతిక పర్యవేక్షకురాలు, అంటే కుర్చీకి వీపు ఆనించి కూర్చుని, గరిటె కొసతో రుచి చూసి, పారబొయ్యమనడమో వడ్డించమనడమో చెప్పే హోదా. మొదట్లో పారబొయ్యమనడమే ఎక్కువ. జాయింట్ డైరెక్టరు మూడు రకాల చారు పెట్టి ముగ్గురు ఇంజనీర్లతో అభిప్రాయాలు తెప్పించుకున్నాడు, ఆవిడ మూడూ పారబోయించింది. అన్నం ఎంత పలుకుండాలన్న విషయం మీద మేం ఉపసంఘం వేసుకునేలోపు గిన్నె మాడిపోయింది. డ్రైవర్లు మాత్రం సహనంగా ఉన్నారు. దీపం నిజం చెబుతోంది కదా, రుచి నెమ్మదిగా అదే వస్తుందని వాళ్ళే ఆవిడకి సర్దిచెప్పారు. ఆవిడ ఇప్పుడు మధ్యాహ్నం పూట కాసేపు పడుకుంటుంది కూడా. పెళ్ళై ఆ హోటల్లో అడుగుపెట్టాక పగలు నడుం వాల్చడం ఇదే మొదలని ఒకసారి సిగ్గుపడుతూ చెప్పింది.

డైరెక్టరు గారికి చేపల పులుసు అప్పగించింది. ఆయన సఫారీ మీద తువ్వాలు చుట్టుకుని, కళ్ళజోడుకి ఆవిరి పట్టేస్తుంటే తుడుచుకుంటూ, నెలల తరబడి ఆ పులుసుతో కుస్తీ పట్టారు. ఒకరోజు ఉప్పు ఎక్కువ, ఒకరోజు ముక్క చెదిరిపోయేది, ఒకరోజు చింతపండు తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. ఆవిడ దయాదాక్షిణ్యం లేకుండా అంతా పారబోయించేది. సారు మారు మాట్లాడకుండా మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆఫీసులో ఆయనకి ఎవరైనా తప్పు చూపిస్తే బదిలీ చేసేవారని గుర్తొచ్చి నేను ఆశ్చర్యపోయేవాణ్ణి.

నిరుడు చలికాలంలో సచివాలయం నుంచి ప్రత్యేక దూత ఉత్తర్వు తెచ్చాడు. ఆయనకి కార్యదర్శిగా ప్రమోషను. రాజధానిలో బంగళా, పెద్ద కారు, ముందూ వెనకా మనుషులు. నేను ఉల్లిపాయల చేతుల్తోనే అభినందించాను. సారు కాగితం చదువుకుంటూ ఉండగా నూకరత్నం గారు మామూలుగా గరిటె ముంచి, చేతిలో పోసుకుని, నాలిక మీద వేసుకుంది. ఇంకాస్త పోసుకుంది.

"ఈ పూట కుదిరింది సారూ. వడ్డించేయండి" అంది.

సారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత తనే గిన్నె మోసుకెళ్ళి, డ్రైవర్ల ఆకుల్లో పోసి, ఎదురుగా నిలబడి వాళ్ళు తింటుంటే చూశారు. ఒకడు తలెత్తకుండా, ఇంకొంచెం వెయ్యండి అన్నాడు. సారు తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి కళ్ళలో నీళ్ళు.

"ఇంత సర్వీసు చేశాను కామేశంగారూ. నేను చేసిన పనిని ఇంకొంచెం వెయ్యమని ఎవరైనా అడిగారా?" అన్నారు.

లేదు సార్ అన్నాను. అబద్ధం చెప్పడానికి ఏ కారణమూ కనపడలేదు. ఆయన ప్రమోషను వద్దని ఆ కాగితం మీదే రాసి, దూతకి భోజనం పెట్టించి పంపేశారు. సాయంత్రం చేపలు తనే దగ్గరుండి తోమించుకున్నారు.

అందరూ ఆయన త్యాగాన్ని మెచ్చుకున్నారు. నేను మెచ్చుకోలేదు. మండలిలో చేరిన తేదీని బట్టి సీనియరుని నేనే, ఆయన వెళ్ళిపోయి ఉంటే పులుసు నాకు రావాలి. ఈ విషయమై నూకరత్నం గారికి అర్జీ పెట్టుకున్నాను. ముందు ఉల్లిపాయలు సన్నగా తరగడం నేర్చుకోమంది.